టైటానిక్ లెక్క చాలు, మన గల్లీ లెక్క తీద్దాం!

విద్యార్థి మిత్రులారా! అధ్యాపకులారా! మొజంజాహీ మార్కెట్ దుకాణదారులారా!

నుమాయిష్‌కు పోని హైదరాబాదీ ఉండడు. ఏటా జనవరి 1 వచ్చిందంటే నాంపల్లి బాట పడతాం, శాలువాలు బేరమాడతాం, మిర్చీ బజ్జీ తిని ఇంటికొస్తాం. అసలది ఎందుకు పుట్టిందో ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయాలని ఉస్మానియా పట్టభద్రుల సంఘం తలపెట్టింది. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసమే 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక సరుకుల ప్రదర్శన పెట్టారు. చోటు చాలక 1946లో అది నాంపల్లికి వచ్చింది. జనం బతుకుల లెక్క తీయడానికి చదువుకున్న కుర్రకారు జాతర పెట్టిన ఊరు మనది!

మరి ఇప్పుడు? అమీర్‌పేటలో అడుగు పెడితే డేటా సైన్స్ బోర్డులే. చాలా క్లాసుల్లో మొదటి పాఠం టైటానిక్ ఓడ: అందులో ఎవరు బతికారు, ఎవరు పోయారు. అది మునిగింది 1912లో, అట్లాంటిక్‌లో. దానికి నాలుగేళ్ల ముందే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి ఇక్కడికి కూతవేటు దూరంలోని అఫ్జల్‌గంజ్‌ను ముంచేసింది. ఆ లెక్క పాఠంగా ఎందుకు రాదు? ఉద్యోగం కోసం నేర్చుకోవద్దని మేం అనం; ఫీజు కట్టేది అందుకేగా. ఆ చేత్తోనే మన పనీ నేర్చుకోమంటున్నాం.

వాన పడితే ఈ చౌరస్తాలో నీళ్లు ముందు ఎటు నిలుస్తాయో ఐస్‌క్రీం దుకాణం ముందు కుర్చీలు సర్దే అన్నకు తెలుసు. ఎంత వాన పడిందో ప్రభుత్వ వాన కొలతల్లో ఉంది. నాలా పూడిక ఎప్పుడు తీశారో కార్పొరేషన్ బిల్లుల్లో ఉంటుంది. ఈ మూడూ ఒక్క కాగితం మీదికి రావాలి. అదే మీ పని. బిల్లు దొరకలేదా? సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. తెలంగాణకు 2016 నుంచి ఓపెన్ డేటా విధానం కూడా ఉంది. అడిగేవాడు లేకపోతే ఎంత మంచి విధానమైనా బీరువాలోనే ఉంటుంది.

పని తేలికేం కాదు. ఒక పట్టికలో ‘ఎంజే మార్కెట్’, ఇంకోదాంట్లో ‘మొజంజాహీ’, మరోచోట ‘మోజంజాహి’ అని రాస్తారు. 1935లో కట్టిన ఈ రాతి కట్టడం మనకు ఒక్కటే, కంప్యూటరుకు మాత్రం మూడు మార్కెట్లు! అవి కలపకుండా కూడితే ఫిర్యాదులు మూడు ముక్కలై, ఇక్కడ సమస్యే లేదనిపిస్తుంది. అద్దాల మేడల్లో చూపించే రంగురంగుల గ్రాఫుల కన్నా ఈ విసుగు పుట్టించే పనే అసలు విద్య అని మా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. బస్తీలో లెక్క రాసేటప్పుడు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అడగొద్దు. అవసరం లేని వివరం రాయొద్దు. రాసింది ఆ బస్తీకే తిరిగి చూపించాలి, తెలుగులో, ఉర్దూలో, ఒక్క పేజీలో. తీసుకుపోయి మళ్లీ కనపడని సర్వేలతో జనం విసిగిపోయి ఉన్నారు.

అధ్యాపకులకు మా విన్నపం: చివరి ఏడాది ప్రాజెక్టుల్లో ఒక్కటైనా ఊరి ప్రశ్న మీద ఉండనివ్వండి. నిజాం కాలేజీ నుంచి, కోఠి మహిళా విశ్వవిద్యాలయం నుంచి ఈ మార్కెట్ ఎంత దూరమని? దుకాణదారులకు: పిల్లలు ప్రశ్నలతో వస్తే కసురుకోకండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించండి.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు మార్కెట్ గడియారం కింద కలుద్దాం. ల్యాప్‌టాప్ లేకున్నా సరే. నోటుపుస్తకం, పెన్ను, కొలత టేపు ఉంటే చాలు. ఈ కాగితం పారేయకండి, చదివి పక్కవారికివ్వండి.

ఇట్లు,
మార్కెట్ చుట్టుపక్కల విద్యార్థులు, ఉపాధ్యాయులు