గుండె ఆపరేషన్ ఉచితం, బీపీ మాత్ర మన జేబు నుంచి

జీఎస్-2లో ఆరోగ్యరంగం ప్రశ్న కనబడగానే మన చెయ్యి దానంతటదే నడుస్తుంది. 1946 భోర్ కమిటీతో మొదలు, ఆ తర్వాత 47వ అధికరణం, మధ్యలో ఆయుష్మాన్ భారత్, చివర్లో 'ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమే ముందున్న మార్గం'. నేనూ రెండేళ్లు అదే రాశాను. టెస్ట్ సిరీస్‌లో దానికి మార్కులూ పడ్డాయి. ఆ చివరి వాక్యం తప్పించుకునే వాక్యమని ఇప్పుడు నా వాదన.

ముందు అంకెలు చూడండి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం సొంతంగా భరించింది 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి దిగింది. అదే కాలంలో ప్రభుత్వ వాటా 28.6 నుంచి 48 శాతానికి పెరిగింది. 2021-22 కోవిడ్ ఏడాది, నిజమే. అయినా దిశ స్పష్టంగానే ఉంది. 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో మనం ఉన్నది 1.84 దగ్గర. కాబట్టి సర్కారు పెట్టాలా వద్దా అన్నది అయిపోయిన చర్చ. ఆ డబ్బు దేన్ని కొంటోంది అన్నదే అసలు ప్రశ్న.

మా నాన్న ఆటో నడుపుతారు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నేను అశోక్‌నగర్‌లో గది తీసుకున్నాక, రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన మాత్ర ఆయన ఒక్కసారే వేసుకోవడం మొదలుపెట్టారు. మాకు చెప్పలేదు. గుండెపోటు వచ్చాకే తెలిసింది. ప్రైవేటు ఆస్పత్రిలో స్టెంట్ వేశారు, ఆరోగ్యశ్రీ కింద. మేం ఒక్క రూపాయి కట్టలేదు. ఆయన్ని బతికించింది ఆ డాక్టర్లే, వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇంకో సంగతి, ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఫాలో-అప్ మందులు కూడా ఇస్తారు. అంటే గుండె దెబ్బతిన్నాక మాత్రలు ఇంటికి వచ్చాయి. దెబ్బతినకముందు కొనుక్కోవాల్సి వచ్చింది.

కేంద్ర పథకం లెక్కా ఇంతే. పీఎంజేఏవై కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, కానీ ఆస్పత్రిలో చేరితేనే. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జ్ అయ్యాక 15 రోజుల మందులు అందులో కలుస్తాయి. పదహారో రోజు నుంచి మందుల షాపే దిక్కు. నేను మెకానికల్ చదివినవాణ్ణి. బేరింగుకు గ్రీజు పెట్టకుండా, షాఫ్ట్ విరిగాక కొత్తది కొనే ఫ్యాక్టరీ మేనేజర్ని ఎవరూ మెచ్చుకోరు.

'ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు ఉన్నాయిగా' అంటారు. ఉన్నాయి, లక్షన్నరకు పైగా. అక్కడ బీపీ మాత్ర ఉచితమే. మా మండలం పీహెచ్‌సీలోనూ ఉచితమే, స్టాకు ఉన్నప్పుడు. లేనప్పుడు 'గురువారం రండి' అంటారు. ఆటో నడిపే మనిషికి గురువారం అంటే ఒక రోజు కిరాయి. రెండుసార్లు అలా తిరిగాక ఎవరైనా షాపుకే వెళ్తారు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో, జబ్బుపడ్డవాళ్లలో ప్రభుత్వ వైద్యానికి వెళ్లింది సుమారు 30 శాతమే. మిగతావాళ్లంతా ప్రైవేటు మీద మోజుతో వెళ్లలేదు.

'ప్రభుత్వానికి ఆస్పత్రులు నడపడం చేతకాదు, అందుకే బీమా' అన్న వాదన నాకు మరీ విచిత్రంగా ఉంటుంది. ప్రైవేటు బిల్లును తనిఖీ చెయ్యడం పీహెచ్‌సీలో మాత్రలు పెట్టడంకన్నా తేలికా? పీఎంజేఏవైలో ఒకే ఫోన్ నంబరు కింద దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదై ఉన్నారని 2023లో కాగ్ చెప్పింది. చేతకానితనం బీమాలోకి కూడా మనతోనే వస్తుంది.

థాయ్‌లాండ్ 2002లో వేరే దారి పట్టింది. పన్నుల డబ్బుతో, మనిషిని దగ్గరి ఆస్పత్రికి నమోదు చేసి, బయటి రోగుల వైద్యానికి తలసరి లెక్కన ఏటా ముందే చెల్లిస్తుంది. అక్కడ మనిషి ఆరోగ్యంగా ఉంటే ఆస్పత్రికి నష్టం లేదు. మన ప్యాకేజీ పద్ధతిలో మంచం నిండితేనే డబ్బు. తలసరి పద్ధతిలో వైద్యం తగ్గించి మిగుల్చుకునే ప్రమాదం ఉంది, దానికీ కాపలా కావాలి. కానీ కనీసం డబ్బు మాత్ర వైపు నిలబడుతుంది.

ఈ ఆదివారం టెస్టులో ఇదే ప్రశ్న వస్తే 'భాగస్వామ్యం' అని రాసేముందు, ఏ సేవకు, జబ్బు ముదిరేముందా తర్వాతా, ఎవరు కడతారో ఒక్క వాక్యం రాయండి. మార్కులు తగ్గితే నన్ను తిట్టండి.

నాన్న ఫాలో-అప్ మందుల గడువు వచ్చే మార్చితో అయిపోతుంది.