ఫ్యూజు ఎక్కడ పెట్టావు?

మా నాన్నది తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకి వెళ్తే నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవారే గానీ, వైరు ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఇప్పుడు సియాటిల్లో నాకో పడవ ఉంది. అంటే సగం పడవ. మిగతా సగం ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది. 28 అడుగుల తెరచాప పడవ, వయసులో మా ఇద్దరికంటే పెద్దది. చవగ్గా వచ్చిందని మురిసిపోయాం. తర్వాత పెట్టిన ఖర్చు మాత్రం అడక్కండి.

చిక్కల్లా బ్యాటరీతోనే. ఉన్నది ఒక్కటి. ప్యూజెట్ సౌండ్‌లో లంగరేసి రాత్రంతా ఫ్రిజ్జూ లైట్లూ వాడుకుంటే, తెల్లారి ఇంజిన్ స్టార్టవ్వదు. ఒకసారి అలాగే ఇరుక్కుని, పక్క పడవాయన జంపర్ కేబుళ్ళిస్తే బయటపడ్డాం. అందుకని రెండో బ్యాంకు పెట్టాం. 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం బ్యాటరీలు రెండు, పడుకునే బల్ల కింద. అక్కణ్ణించి ఇంజిన్ గదిలోని రిలేకి ఎనిమిదడుగుల లావుపాటి కేబుల్. ఇంజిన్ నడిచి వోల్టేజీ 13 పైచిలుకు చేరితే రిలే రెండు బ్యాంకుల్నీ కలుపుతుంది, ఆపాక విడదీస్తుంది. చూడ్డానికి వీలుగా ఉంటుందని ఫ్యూజు రిలే పక్కనే పెట్టాను. ఒక్కటే.

రెండు వారాంతాలు తిరిగొచ్చాక, గొప్ప కోసం వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. ఆయన మెచ్చుకోలేదు.

"ఫ్యూజు ఎక్కడ పెట్టావు?"

చూపించాను.

"మరి బ్యాటరీకీ దానికీ మధ్య వైరు షార్టయితే ఎవరాపుతార్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఫ్యూజుండేది ఫ్రిజ్జుని కాపాడ్డానికని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది కాపాడేది వైరుని. కరెంటు పుట్టేచోటే ఉండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం కూడా, కొన్ని మినహాయింపులు పోను, బ్యాటరీ నుంచి ఏడంగుళాల లోపే పెట్టమంటుంది. పైగా మా కేబుల్‌కి రెండు చివరలా బ్యాటరీలే. రిలే కలిసినప్పుడు కరెంటు ఏ వైపు నుంచైనా రావచ్చు. అంటే రెండు ఫ్యూజులు కావాలి.

మర్నాడు వెళ్ళి బల్ల ఎత్తి చూశాను. కేబుల్ ప్లైవుడ్ గోడకి చేసిన కన్నంలోంచి వెళ్తుంది. అలలకి పడవ ఊగినప్పుడల్లా ఆ అంచు ఒరుసుకుని, ఓచోట ఇన్సులేషన్ పోయి రాగి మెరుస్తోంది. బెత్తెడు దూరంలో ఇంజిన్ బోల్టు. ఇంజిన్ మొత్తం నెగటివే కదా. తగిలితే వేల ఆంపియర్లు, ఆపేదేమీ లేదు. కిందటి వారం ఆ బల్ల మీదే మా వాడి ఐదేళ్ళ కూతురు పడుకుంది. అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను. కోడులో తప్పు చేస్తే అర్ధరాత్రయినా వెనక్కి తీసుకోవచ్చు.

కేబుల్ మార్చాను. కన్నానికి రబ్బరు బుష్ వేశాను. టెర్మినల్ మీదే బిగించే 150 ఆంపియర్ల ఫ్యూజులు రెండు చివరలా పెట్టాను. ఆ కేబుల్ 200 పైనే మోస్తుంది. ఈ రకం ఫ్యూజు 10,000 ఆంపియర్ల షార్టునైనా తెంపగలదు. చవక ఫ్యూజయితే కాలిపోయాక కూడా లోపల నిప్పు ఆర్కు సాగుతూనే ఉండొచ్చు. లిథియం బ్యాటరీలయితే ఇదీ చాలదు, క్లాస్ టీ రకం వాడతారు.

మన ఇళ్ళల్లో ఫ్యూజు పోతే "ఇంకో పోగు ఎక్కువ చుట్టు, మళ్ళీ పోదు" అనేవాళ్ళు గుర్తున్నారా? నాన్న షాపుకి కాలిన మోటార్లు చాలావరకు అలాంటి ఇళ్ళనుంచే వచ్చేవట.

ఫొటోలు పంపాను. రాత్రి జవాబొచ్చింది: "నెగటివ్ బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ కనపడట్లేదు. చూడు."

నిజమే, లేదు. శనివారం వేస్తాను.