మైళ్ళ లెక్క

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు భోజనాలకు కలిస్తే, గోంగూర ప్రస్తావన ముగిశాక మాటలు వీసాల మీదికో ఇళ్ళ ధరల మీదికో పోవడం మామూలే. వాటికి తోడుగా మూడో విషయం ఒకటి చేరింది: విమానపు మైళ్ళు. "మీ కార్డు డాలరుకెన్ని మైళ్ళిస్తుందండీ?" అని ఒకరు అడగడం, రెండో ఆయన జేబులోంచి నాలుగు క్రెడిట్ కార్డులు తీసి బల్లమీద పరచడం కళ్ళారా చూశాను. పేకాట మానేసిన సరదా ఇలా తీర్చుకుంటున్నామేమో అనిపించింది. నేనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణే, నా జేబులోనూ కార్డులున్నాయి. కాని ఆ ప్రశ్న మనల్ని దారి తప్పిస్తుందని అనుభవం మీద తెలిసింది. ఆ మైళ్ళు మనకు కావలసిన రోజున మనల్ని ఇంటికి చేరుస్తాయా లేదా అన్నదొక్కటే అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

అసలు ఈ మైలంటే ఏమిటో ముందు చూద్దాం. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్ పథకాన్ని ప్రారంభించిననాడు మైలు నిజంగా మైలే. వెయ్యి మైళ్ళు ఎగిరినవారి ఖాతాలో వెయ్యి మైళ్ళు జమ అయ్యేవి. 1987లో ఆ సంస్థా సిటీబ్యాంకూ కలిసి కార్డు తెచ్చాయి. అప్పటినుంచి నేలమీద కూరగాయలు కొన్నా మైళ్ళు రావడం మొదలైంది. 2015లో డెల్టా, యునైటెడ్, ఆ మరుసటి ఏడాది అమెరికన్, ఎగిరిన దూరాన్ని పక్కన పెట్టి టిక్కెట్టుకు చెల్లించిన డబ్బును బట్టి మైళ్ళు లెక్కకట్టే పద్ధతికి మారాయి. ఏ ఊరికి ఎన్ని మైళ్ళు కావాలో చెప్పే పట్టికను డెల్టా 2015లోనే ఎత్తేసింది; యునైటెడ్ 2019లో తన విమానాలకు ఎత్తేసింది. ఇప్పుడు ఉచిత టిక్కెట్టు ధర రోజురోజుకూ మారుతుంది. మన పాతకాలపు క్రోసు కూడా ప్రాంతాన్ని బట్టి మారేది కాని, బాటసారి నడుస్తుండగా మారేది కాదు.

అంటే మైలు దూరానికి కొలత కావడం మానేసి నాణెమైంది. ఆ నాణేన్ని ముద్రించేదీ, దాని విలువ నిర్ణయించేదీ ఒకరే. ఈ ముద్రణాలయం ఎంత లాభసాటిదో 2020లో లోకానికి తెలిసింది. కరోనా వల్ల విమానాలు నేలమీద నిలిచిపోతే, యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. డెల్టా అదే ఏడాది 900 కోట్లు, అమెరికన్ 2021లో 1,000 కోట్లు అలాగే తెచ్చుకున్నాయి. 2024లో డెల్టాకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుండి వచ్చినది దాదాపు 740 కోట్ల డాలర్లు. మనం ఉచితమనుకుంటున్న మైళ్ళను బ్యాంకులు విమాన సంస్థల దగ్గర రొక్కమిచ్చి కొంటున్నాయి.

ఇక కార్డుల పోలిక. నెలకు 2,000 డాలర్లు కార్డు మీద ఖర్చుపెట్టే కుటుంబాన్ని తీసుకుందాం. ఏడాదికి 24,000. సిటీ డబుల్ క్యాష్ వంటి, ఏటా రుసుము లేని, రెండు శాతం డబ్బు తిరిగిచ్చే కార్డు వాడితే 480 డాలర్లు చేతికొస్తాయి. ఏ మైళ్ళ కార్డునైనా దీనితోనే పోల్చాలి. మిత్రులు సాధారణంగా చేయని లెక్క ఇదే.

కాపిటల్ వన్ వెంచర్ కార్డు డాలరుకు 2 మైళ్ళిస్తుంది, ఏటా రుసుము 95 డాలర్లు. 24,000 మీద 48,000 మైళ్ళు. వదులుకున్న 480కి రుసుము కలిపితే 575. అంటే ఒక్కో మైలును దాదాపు 1.2 సెంట్లకు కొన్నట్టు. అదే, విమాన సంస్థ పేరున్న కార్డును చూడండి. యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్ రుసుము 2025 నుండి 150 డాలర్లు. యునైటెడ్ టిక్కెట్లు, హోటళ్ళు, భోజనశాలలు వంటివాటికి 2 మైళ్ళిచ్చినా, మిగిలిన ఖర్చుకు ఒక్కటే. ఇంటిఖర్చంతా అలాంటిదే అనుకుంటే 24,000 మైళ్ళకు 630 డాలర్లు పోతాయి, మైలుకు 2.6 సెంట్లు. ఆ సంస్థ విమానాలు తరచుగా ఎక్కేవారికి పెట్టె ఉచితంగా తీసుకెళ్ళే సౌకర్యం వల్ల గిట్టుబాటు కావచ్చు. రెండేళ్ళకొకసారి హైదరాబాదు వెళ్ళి వచ్చేవారికి గిట్టదు.

చేరినందుకిచ్చే బహుమానం మాటేమిటంటారా? నిజమే, అది ఒక్కటే ఏడాది ఖర్చు మీద వచ్చే మైళ్ళను మించిపోతుంది. కాని మూడు నెలల్లో ఇన్ని వేలు ఖర్చుపెట్టాలన్న షరతు ఉంటుంది. ఎలాగూ పెట్టవలసిన ఖర్చయితే సరే. లేకపోతే అప్పుచేసి పప్పుకూడే. ఇరవై శాతం వడ్డీకి ఏడాదంతా 3,000 డాలర్లు బాకీ మోస్తే 600 డాలర్లు వడ్డీ. పైన చెప్పిన 480 ఎటు పోయిందో చూడండి. ప్రతినెలా బాకీ పూర్తిగా తీర్చలేనివారు ఈ ఆటలో దిగకపోవడమే మేలు.

ఇదంతా లెక్క. అసలు సంగతి నాకు ఒక రాత్రి తెలిసింది.

ఒక విమాన సంస్థ కార్డును ఆరేళ్ళపాటు భక్తిగా వాడాను. 80,000 మైళ్ళు పోగుపడ్డాయి. ఏదో ఒక వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకోవచ్చని దాచిపెట్టాను. ఒకనాటి రాత్రి రెండింటికి తమ్ముడి ఫోను. నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు, బయలుదేరమన్నాడు. కంప్యూటరు ముందు కూర్చుంటే, నా సంస్థ మర్నాటి ప్రయాణానికి, వెళ్ళడానికి మాత్రమే, 1,60,000 మైళ్ళడిగింది. ఆరేళ్ళ పొదుపు సగం దారికి సరిపోతుందన్నమాట. డబ్బు పెట్టి కొందామంటే ధర గుండె గుభేలుమనేలా ఉంది. నా భార్య దగ్గర ఏ విమాన సంస్థ పేరూ లేని కార్డు ఒకటుంది. దాని పాయింట్లను తన పేరిట వేరొక దేశపు విమాన సంస్థ ఖాతాలోకి మార్చి, నా పేర టిక్కెట్టు తీసింది. ఆ సంస్థ భాగస్వాముల విమానాలకు పట్టిక ప్రకారమే ధర కట్టింది. మర్నాడే ప్రయాణమైనా పెంచలేదు. నేను వెళ్ళేసరికి నాన్నగారు నన్ను గుర్తుపట్టారు. రెండు రోజులు మాట్లాడుకున్నాం.

ఆ పదకొండు రోజుల మైలలో ఖాళీగా కూర్చున్నప్పుడు, నేను కూడబెట్టిన మైళ్ళు దేనికి పనికొచ్చాయని చాలాసార్లు అనుకున్నాను. ప్రవాసంలో ఉన్నవాడికి మైళ్ళ ప్రయోజనం విహారయాత్రలో మెత్తటి కుర్చీ కాదు. ముందుగా చెప్పి రాని ప్రయాణానికి అవి అక్కరకు రావాలి.

అందుచేత, కార్డు ఎంచుకునేటప్పుడు దాని పాయింట్లు ఎన్ని సంస్థలకు మార్చుకోవచ్చో ముందు చూడండి. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ కైనా, పైన చెప్పిన వెంచర్ కైనా ఆ సౌకర్యముంది. రెండింటి నుండీ ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్‌కు మార్చుకోవచ్చు. ఏరోప్లాన్ మైళ్ళతో ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా విమానాలూ ఎక్కవచ్చు, ఇంధనం పేరిట అదనపు రుసుమూ వేయరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైళ్ళు వాడితే ఆ సంస్థ విమానాల మీద ఆ అదనం వందల డాలర్లలో ఉంటుంది. ఒకసారి మార్చిన పాయింట్లు వెనక్కి రావు కనుక, సీటు కనబడ్డాకే మార్చాలి. ఇదీ శాశ్వతమనుకోకండి. మనవాళ్ళు దుబాయి మీదుగా వెళ్ళడానికి ఆధారపడే ఎమిరేట్స్‌కు పాయింట్లు మార్చుకునే వీలును చేజ్ 2025 అక్టోబరులో తీసేసింది. ఇంటిల్లిపాదికీ ఒక్క ప్రయాణానికి సరిపడా ఉంచుకుని, మిగిలినవి ఎప్పటికప్పుడు వాడేయడం మంచిది. ధాన్యం గాదెలో ఉంటే పురుగు పడుతుంది.

చివరగా ఒక మాట. ఈ మైళ్ళ ఖర్చు ఎవరిది? 2011 వరకు అమెరికా టంకశాల డాలరు నాణేలను తపాలా ఖర్చు లేకుండా ఇంటికి పంపేది. కొందరు వాటిని క్రెడిట్ కార్డు మీద వేలకు వేలు కొని, పెట్టెలు విప్పకుండానే బ్యాంకులో కట్టేసి మైళ్ళు సంపాదించారు. చివరికి ఆ ఏడాది జులైలో కార్డుతో అమ్మడం ఆపేశారు. ఆ చమత్కారానికి మనం నవ్వుకుంటాం కాని, తపాలా ఖర్చూ కార్డు రుసుమూ ప్రజలవే. అత్త సొమ్ము అల్లుడు దానం. మనం రోజూ చేస్తున్నదీ దాదాపు అదే. కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు సుమారు రెండు శాతం కట్టి, ఆ ఖర్చును అందరి ధరల్లోనూ కలుపుతాడు. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో వేసిన అంచనా ప్రకారం నగదు వాడే కుటుంబం సగటున ఏటా 149 డాలర్లు కార్డుదారులకు సమర్పించుకుంటుంది, కార్డు వాడే కుటుంబం 1,133 డాలర్లు పొందుతుంది. ఐరోపా సమాఖ్య 2015లో ఈ రుసుమును 0.3 శాతానికి కట్టడి చేసింది. అమెరికాలో డెబిట్ కార్డులకే పరిమితి ఉంది, క్రెడిట్ కార్డులకు లేదు.

మన ఇండియన్ దుకాణంలో నా వెనుక వరుసలో నిలబడి, నోట్లు లెక్కపెట్టి బియ్యం కొనుక్కునే విద్యార్థి కూడా నా టిక్కెట్టులో కొంత చెల్లించాడు. నిన్నగాక మొన్న దిగిన అతనికి కార్డు ఎవరూ ఇవ్వరు, అతనికీ హైదరాబాదు అంతే దూరం. ఈ చట్టాన్ని నేను మార్చలేను, కార్డు పారేయనూ లేను. ఆ రాత్రి తరువాత అసలే పారేయలేను. కాని చిన్న దుకాణంలో చిన్న మొత్తాలకు నగదు ఇవ్వడం మొదలుపెట్టాను. ఏడాదికి ఓ వెయ్యి మైళ్ళు తగ్గుతాయేమో. తగ్గనివ్వండి.