పర్ణశాల ముంగిట రావణుడు

ఎర్రుపాలెము బడుల నుండి భద్రాచల యాత్రకు వెళ్ళు బాలబాలికలు, అచటికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున నున్న పర్ణశాలను గూడ చూచి వత్తురు. సీతమ్మ వాగు, నారచీరల గుర్తులని చెప్పు రాతిచారలు, బంగారు లేడి, భిక్షుక వేషమున నిలిచిన రావణుని బొమ్మ: ఇవన్నియు పాఠ్యపుస్తకము కన్న ముందుగా వారికి రామాయణము నేర్పును. ఆ బొమ్మ ముందు తెలివిగల విద్యార్థి అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఇంతటి దుర్మార్గునికి బ్రహ్మ వరము లేల యిచ్చెను?

రాక్షసుడు గదా యని ఈ ప్రశ్నను త్రోసివేయుట బోధన కాదు. రావణుడు శక్తిని దొంగిలింపలేదు. తొమ్మిది తలలను ఒక్కొక్కటిగా అగ్నికి ఆహుతి చేసి సంపాదించెనని ఉత్తరకాండము చెప్పుచున్నది. దేవ, దానవ, యక్ష, నాగాదుల చేత చావు లేకుండ కోరి, మనుష్యులను గడ్డిపరకలుగా నెంచి విడిచెను. కోరిన రూపము దాల్చుటయు ఆ వరములలోనిదే. ఆ విద్యతో సన్న్యాసియై వచ్చి, అతిథి మర్యాద చేసిన యిల్లాలిని అపహరించుట మాత్రము ఏ వరములోను లేదు. అది అతడు తానై చేసిన పని.

తెలుగువారు ఈ పాత్రకు ఒక్క రంగే పూయలేదు. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణమున రావణుడు శత్రువైన రాముని విలువిద్యను నోరార మెచ్చుకొనును. 1958 నాటి 'భూకైలాస్' చిత్రమున తల్లి కొరకు ఆత్మలింగమునకై తపించును. 1961లో 'సీతారామకల్యాణము'న రావణుడైన ఎన్.టి. రామారావే 1963లో 'లవకుశ'లో రాముడయ్యెను. ప్రేక్షకులు ఇరువురిని ఆదరించిరి.

అయితే మెప్పునకును హద్దు కలదు. సీతను తాకలేదు గనుక రావణుడు ఉత్తముడను వాదము నేడు తరచుగా వినవచ్చుచున్నది. అట్లు వాదించువారు రంభ కథ చదివినట్లు తోపదు. ఆమె యెడ చేసిన అత్యాచారమునకు నలకూబరుడు శపించెను. ఇష్టపడని స్త్రీని చెరపట్టినచో తల పగులునని ఆ శాపము. అశోకవనమున రెండు నెలల గడువు పెట్టి, లొంగనిచో వంటవాండ్రచే ముక్కలు చేయింతునని బెదిరించినవాని యందు సౌజన్యము వెదకుట వింతయే.

ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునపుడు యుద్ధకాండములోని మండోదరి విలాపమును గూడ తరగతిలో వినిపింపవలెను. భర్త శవముపై బడి ఏడ్చుచునే ఆమె యనును: పూర్వము నీవు ఇంద్రియములను గెలిచి ముల్లోకములను గెలిచితివి, ఆ పగ మరువక అవియే నేడు నిన్ను గెలిచినవి. ఆమె అతని గొప్పతనమును కాదనలేదు, తప్పును దాచలేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థికి అది అర్థము కానిది కాదు.