సౌర ఛార్జర్లు: కొనబోయే ముందు ఒక మాట

ఎండను మన ప్రాంతంవారు పొగడటం అరుదు. వేసవి అడుగుపెట్టినది మొదలు తిరుపతి వీధులలో వినవచ్చేది ఎండపై నిందయే. తెలుగువారు ‘ఎండ మండిపోతున్నది’ అన్నా, ఉర్దూ మాట్లాడేవారు ‘ఎంత ధూప్’ అని నిట్టూర్చినా భావం ఒకటే. ఆ నింద మోసిన ఎండయే నేడు అరచేతిలో ఇమిడే పరికరం గుండా విద్యుత్తుగా మారి సెల్‌ఫోనుకు ప్రాణం పోస్తున్నది. తిరుమల కొండపై 2002లోనే సూర్యతాపంతో ఆవిరి పుట్టించి వంట సాగించే ఏర్పాటు జరిగింది. ఇప్పుడు మన జాతీయ సేవా పథకం శిబిరానికి, హాస్టలులో కరెంటు పోయిన వేళకు పనికివచ్చేటట్లు సౌర ఛార్జర్లు కొనవలెనన్న ఆలోచన కమిటీ పెద్దలకు కలిగింది. ఆలోచన మెచ్చదగినదే. శిబిరానికి వెళ్లే యాభై మందికీ తలకొకటి చొప్పున చిన్నవి, చౌకవి కొందామన్న ప్రతిపాదనతో మాత్రం మేము ఏకీభవించలేకున్నాము. కారణం విన్నవించుకుంటాము.

2021 నవంబరు 18వ తేదీని తిరుపతి వాసులు మరువలేరు. ఆనాటి వానకు అలిపిరి మెట్లదారి సెలయేరయింది. ఘాట్ రోడ్లు మూతపడినవి. మేము నివసించే వీధిలో మోకాటిలోతు నీరు నిలిచి, కరెంటు పోయింది. మా వద్ద అప్పటికే ఒక సౌర ఛార్జరు ఉన్నది. పవర్ బ్యాంకు వీపున చిన్న సౌరఫలకం అతికించిన రకం అది. ఎండలో పెట్టిన చాలును, అదే నిండుతుందన్న ధీమాతో గోడ ప్లగ్గుకు తగిలించి నింపే శ్రమ తీసుకోలేదు. మరునాడు దానిని మిద్దె మీదికి కొనిపోయి ఆకాశానికేసి పట్టుకొని నిలబడినాము. సూర్యుడు కనబడితే గదా! వాయల్పాడులో ఉన్న మా తల్లిగారు రెండు రోజులు మా ఫోను మోగక ఎంత కలత చెందినారో, తరువాత ఆమె గొంతు విన్నప్పుడు గాని మాకు తెలియలేదు. ‘బతికే ఉన్నావా బేటా’ అన్నదే ఆమె తొలి మాట. ఆ వారంలోనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడవచ్చునన్న భయంతో దిగువ పల్లెల వారిని ఖాళీ చేయించినారు. అటువంటి కబురు అందుకోవటానికి కూడ చేతిలోని ఫోను బ్రతికి ఉండవలెను గదా.

ఆ పరికరాన్ని అమ్మినవారిని మేము తప్పుపట్టటం లేదు. తప్పు మా లెక్కలో ఉన్నది. తెలుగు అధ్యాపకులకు లెక్కలెందుకని విద్యార్థులు నవ్వవచ్చును. కాని ఇది ఎక్కాలు వచ్చినవారు చేయగలిగిన లెక్కయే. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకులో పట్టే శక్తి సుమారు 37 వాట్ అవర్లు. నింపేటప్పుడు కలిగే నష్టాలతో కలిపి 45 అనుకుందాము. దాని వీపున ఉండే ఫలకం అరచేయంత. మంచి ఎండలో అది ఇచ్చేది ఒకటిన్నర వాట్. అంటే 30 గంటల నిండు ఎండ కావలెను. దినానికి నిండు ఎండ 5 గంటలని లెక్కించినా ఆరు దినాలు. శిబిరమే ఏడు దినాలు!

ఇంతేకాక, ఆ రకంలో బ్యాటరీ కూడ ఫలకంతోపాటు ఎండలో మాడవలసివస్తుంది. లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీల వేడి దాటినప్పుడు ఛార్జి చేయరాదు. గాలియే 40 డిగ్రీలు దాటే మన వేసవిలో, ఎండలో పెట్టిన నల్లని డబ్బా లోపలి వేడిని ఊహించుకోవచ్చును. ఫలకం ఎండలోను, బ్యాటరీ నీడలోను ఉండవలెను. ఈ రెండింటినీ ఒకే ఒంటికి అతికించటం వాటి స్వభావానికే విరుద్ధం.

అందుచేత మా సూచన యాభై చిన్నవి కాదు, ఒక ఉమ్మడి పెట్టె. మడిచి సంచిలో పెట్టుకొనగల 20 వాట్ల ఫలకాలు మూడు, 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకులు మూడు, నాలుగు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు. 20 వాట్లని వ్రాసి ఉన్నా, వేడికీ వాలుకూ పోగా చేతికి వచ్చేది 12 వాట్లే అనుకోవలెను. అయినను మూడు ఫలకాలు కలిసి మంచి ఎండ కాచిన దినాన 180 వాట్ అవర్లు ఇవ్వగలవు. పదిమందికొక ఫోను చొప్పున ఐదు ఫోన్లను రోజూ నింపి, రాత్రి నాలుగేసి గంటలు ఆ దీపాలు వెలిగించుకొనటానికి అది సరిపోతుంది. ఫ్యానుకు, మిక్సీకి చాలదు. ఆ ఆశ ముందే వదులుకొనుట మేలు. పవర్ బ్యాంకులపై భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు సంఖ్య ముద్రించి ఉన్నదా లేదా అన్నది చూడకుండ డబ్బు చెల్లించరాదు. ఆ నమోదు తప్పనిసరి.

తలకోన వంటి అడవిచోట శిబిరం వేసేవారికి ఒక సంగతి. అక్కడ కొరత ఎండకు కాదు, చెట్టునీడ లేని జాగాకు. ఫలకంలోని గడులు ఒకదానికొకటి గొలుసువలె కలిపి ఉంటాయి. ఒక మూల ఆకునీడ పడినా రాబడి సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోవచ్చును. ఫోనును నేరుగా ఫలకానికి తగిలిస్తే, మబ్బు తునక అడ్డువచ్చినప్పుడెల్లా ఛార్జి ఆగిపోతుంది. పగలు పవర్ బ్యాంకును నింపి, రాత్రి దాని నుండి ఫోనును నింపుకొనటం ఉత్తమం. ఇక కోతుల సంగతి. ఫలకం దగ్గర ఒక మనిషి కాపలా లేకపోతే రాబడి లెక్కలన్నీ కొమ్మ మీద కూర్చుంటాయి.

ఇవన్నీ ఎండ కాచే దినాల ముచ్చట్లు. మేము ముఖ్యంగా చెప్పదలచినది వేరే ఉన్నది. మన ప్రాంతానికి ఆపద వచ్చేది ఎండాకాలంలో కాదు. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలో వస్తుంది. 2021 వరదలు నవంబరులోనివి. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు తొలి వారంలోనిది. ముసురు పట్టిన దినాలలో ఫలకం ఇచ్చేది మామూలు రాబడిలో పదవవంతో, ఐదవవంతో. అంటే మనకు సూర్యుని అవసరం మిక్కుటంగా ఉన్ననాడే ఆయన దర్శనం ఉండదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని మన పెద్దలు ఊరకే అన్నారా? తుఫాను గడిపించేది ముందుగా నింపి ఉంచిన బ్యాటరీ. ఫలకం పని తుఫాను వెలిసిన తరువాత మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన పిమ్మట విశాఖపట్నంలో వాన వెలిసినా అనేక ప్రాంతాలకు దినాల తరబడి కరెంటు రాలేదు. అటువంటి దినాలకు ఫలకం నిజంగా వరప్రసాదం. కావున డబ్బు చాలకపోతే ముందుగా బ్యాటరీలు కొని, ఫలకాలను మరుసటి సంవత్సరానికి వాయిదా వేయవచ్చును. దీనిని తలక్రిందులు చేయరాదు.

సెల్ టవర్లు సైతం బ్యాటరీలతోను, డీజిలుతోను నడిచేవే. అవి అడుగంటితే మన ఫోను నిండి ఉండియు ఫలం లేదు. అందుచేత ఆ పెట్టెలోనే ఒక చిన్న ట్రాన్సిస్టరు కూడ ఉంచవలెనని మా కోరిక. ఆకాశవాణి వినటానికి అది తీసుకునే శక్తి అత్యల్పం. నేటి విద్యార్థులకు దాని ముల్లు త్రిప్పటం నేర్పవలసివస్తుందేమో!

యాభై మంది చేతికి యాభై పరికరాలిస్తే, ఆరు నెలలలో ఏది ఎవరి యింట ఉన్నదో తెలియదు. పెట్టె ఒక్కటైతే తాళం ఒక్కటి, బాధ్యుడు ఒక్కడు. వాడక మూలపడిన లిథియం బ్యాటరీ తనంతట తానే కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. కాబట్టి మూడు నెలలకొకసారి, ముఖ్యంగా అక్టోబరు మొదటి వారంలో, గోడ ప్లగ్గుతో దానిని నిండుగా నింపి, పెట్టె మూతపై తేదీ వ్రాసి సంతకం చేయవలెను. భౌతికశాస్త్ర శాఖవారికి తీరిక లేకుంటే ఆ తాళంచెవి మా తెలుగు శాఖకు అప్పగించినా మేము కాదనము.