తెడ్డు కొనే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే మన క్లాస్ గ్రూపుల్లో ఒకటే చర్చ. అరకా, వైజాగా, ఊటీనా? ఆఖరికి దేనికి రైలు టికెట్ దొరికితే అటు పోతారు. తీరా వెళ్తే అక్కడ సగం మన కాలేజీయే ఉంటుంది. బొర్రా గుహల్లో మన సీనియర్లతోనే సెల్ఫీ దిగడానికి అంత దూరం పోవాలా అని నాకెప్పుడూ డౌటే.

ఈసారి మేం నలుగురం వేరే ప్లాన్ వేస్తున్నాం. మోటారు లేని పడవ, మనమే తెడ్డు వేసుకోవడం, కృష్ణ మీద మూడు పగళ్ళు రెండు రాత్రులు. ఇంకా వెళ్ళలేదు, కాబట్టి ఇందులో ఫొటోలుండవు. కానీ ప్లాన్ వేస్తూ వేస్తూ ఉండగా నాకో అభిప్రాయం గట్టిపడింది. మన నది మీద ఇలా తిరగడానికి ఒడ్డున ఉన్న పంచాయతీలే అనుమతి ఇవ్వాలి, రోజుకి ఇన్ని పడవలే అని లెక్క పెట్టాలి, ఆ డబ్బు అక్కడి మత్స్యకారులకి చేరాలి. అనుమతి అనగానే మనవాళ్ళకి ఒళ్ళు మండుతుందని తెలుసు. కొంచెం ఓపిక పట్టి చదవండి.

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో, సరిగ్గా హైవే మీద ఊరు. 16వ నంబర్ జాతీయ రహదారి పక్కన పెరిగినవాడికి రాత్రి రెండింటికి కూడా లారీ హారన్ వినబడకపోతే ఏదో తేడా కొడుతుంది. మిర్చి సీజన్లో అయితే చెప్పక్కర్లేదు. పక్కనే కొండవీడు ఉంది కదా అంటారు. ఘాట్ రోడ్డు పడ్డాక ఆదివారం అక్కడ కూడా బైకులూ, బ్లూటూత్ స్పీకర్లే. రెడ్డిరాజుల కోట మీద నిలబడి డీజే వినాల్సి వస్తోంది. ఇక మా ఊరికి నది లేదు. నది లేని ఊరివాళ్ళకే దాని మీద ఇంత మోజు ఉంటుందేమో.

ఐడియా నాది కాదు, మా పెద్దమ్మ కొడుకుది. అన్నయ్య అమెరికాలో మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆ రాష్ట్రానికి ఉత్తరాన, కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అని పది లక్షల ఎకరాలకి పైగా అడవి, అందులో వెయ్యికి పైగా చెరువులు ఉన్నాయి. ఒక చెరువు దాటాక పడవని నెత్తిన పెట్టుకుని నడిచి ఇంకో చెరువులో దించుకుంటారు. నాలుగైదు రోజులు అలా తిరిగి వస్తారు. నాకు అడవి కన్నా అక్కడి నిబంధనలే నచ్చాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో ప్రవేశ ద్వారం నుంచి రోజుకి ఇన్ని జట్లే లోపలికి వెళ్ళాలి. జట్టుకి తొమ్మిది మంది, నాలుగు పడవలు మించకూడదు. పర్మిట్ల బుకింగ్ జనవరి ఆఖర్లో తెరుస్తారు, మన తత్కాల్ లాగే పేరున్న చోట్లు చూస్తుండగానే అయిపోతాయట. తిండి పదార్థాల గాజు సీసాలు, డబ్బాలు లోపలికి రానివ్వరు. అన్నయ్య తన ఆవకాయని సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుని మరీ పోయాడు. అంటే అక్కడ ప్రశాంతత దానంతటది ఉండిపోలేదు. జనాన్ని లెక్కపెట్టి పంపుతున్నారు కాబట్టి మిగిలింది.

సరే, దాన్ని ఇక్కడికి కాపీ పేస్ట్ చేద్దామంటే మొదటి లైన్లోనే ఎర్రర్. వాళ్ళకి పడవ సీజన్ ఎండాకాలం. మనకి ఎండాకాలంలో రాష్ట్రం మొత్తానికి ఎక్కువ వేడి ఎక్కడ అంటే టీవీలో ముందు చెప్పే పేరు మన రెంటచింతల. ఏప్రిల్‌లో చాలాచోట్ల కృష్ణంటే ఇసుక, మధ్యలో మడుగులు. వానాకాలం పోదామా అంటే 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దాని ముందు మన తెడ్డెంత. వరదలు తగ్గాక కార్తీకమాసం, అప్పుడు రేవులన్నీ జనం. సంక్రాంతికి మళ్ళీ జనం, శివరాత్రికి ఇంకా జనం. కృష్ణా పుష్కరాలు 2016లో అయ్యాయి, మళ్ళీ 2028లో వస్తాయి, ఆ సంవత్సరం ఊసే వద్దు. ఇవన్నీ క్యాలెండర్‌లో కొట్టేస్తే కార్తీకం పోయాక సంక్రాంతి దాకా కొన్ని వారాలు మిగులుతాయి. సెమ్ ఎగ్జామ్స్ కూడా అప్పుడే, అది మన ఖర్మ. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజామున రెండు ఒడ్లా గుడి మైకులు ఎలాగూ ఉంటాయి. దాన్ని నేను చప్పుడు కింద లెక్కేయట్లేదు, అమ్మ ఈ వ్యాసం చదువుతుంది.

ఏ కాలమో తేలాక ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. ముందు అందరి కళ్ళూ నల్లమల మీదే పడ్డాయి. శ్రీశైలానికీ సాగర్‌కీ మధ్య కొండల నడుమ నీళ్ళు, గూగుల్ మ్యాప్‌లో చూస్తేనే నోరూరుతుంది. కానీ అది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, ఒడ్డున డేరా వేసుకుని పడుకోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. మొసళ్ళు కూడా ఉన్నాయి. మా వాడొకడు "రాత్రిపూట ఎవడు చూస్తాడ్రా" అన్నాడు. పులి చూస్తుంది. ఆ ఆలోచన అక్కడితో ఆపేశాం. నాకు దాని మీద బాధ లేదు, మనం వెళ్ళకూడని చోటు ఒకటి ఉండటం మంచిదే.

సాగర్ దిగువ సంగతి వేరు. అక్కడ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే ఏడు రెండు వైపులా పనిచేస్తాయి. కరెంటు అవసరమైతే నీళ్ళు కిందికి వదులుతాయి, అవసరం తగ్గితే కింది నీళ్ళని తిరిగి పైకి తోడగలవు. సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టింది అందుకే. మన ఓఎస్ క్లాసులో ఇంటరప్ట్ అంటారే, అలాంటి వ్యవహారం. ఎప్పుడొస్తుందో నీళ్ళలో ఉన్నవాడికి తెలియదు. దాని కింద పులిచింతల జలాశయం ఉంది. కోహినూర్ దొరికిందని చెప్పే కొల్లూరు గనుల చోటు ఇప్పుడు ఆ నీళ్ళ కిందే. 45.77 టీఎంసీల జలాశయం, మునిగిపోయిన ఊళ్ళ మీద నిలబడిన నీళ్ళు. పైనుంచి అద్దంలా కనబడతాయి కానీ ఏ గోడ మొండి అడుగు లోతులో ఉందో తెలియదు. 2021 ఆగస్టు 5న అదే డ్యామ్ 16వ గేటు కొట్టుకుపోయింది, దాని బదులు స్టాప్‌లాగ్స్ దించడానికి జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయాల్సొచ్చింది. ఆ రోజు కింద ఇసుక తిన్నె మీద ఎవరైనా పడుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇలా కొట్టేసుకుంటూ పోతే మాకు మిగిలింది ముక్త్యాల దగ్గర్నుంచి అమరావతి దాకా. ఎడమ ఒడ్డు ఎన్టీఆర్ జిల్లా, కుడి ఒడ్డు మన పల్నాడు. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు, నాలుగో నంబర్ జాతీయ జలమార్గంలో మొదటి దశ కింద తీసుకున్నది ఈ ముక్కే. అమరావతి దాటితే బ్యారేజీ నీళ్ళు, ఇంకొంచెం పోతే భవానీ ద్వీపం సందడి. కాబట్టి అమరేశ్వరుడి రేవులో దిగిపోవాలి. రోజుకి పదిహేను కిలోమీటర్లకి మించి వద్దనుకున్నాం. ఇసుక మేటలొస్తే దిగి పడవని లాక్కోవాలి, దానికి టైం కావాలి కదా.

ముక్త్యాలకి ఎదురుగా ఇటు ఒడ్డున మాదిపాడు, అచ్చంపేట మండలం. రెండింటికీ మధ్య బల్లకట్టు తిరుగుతుంది. ఒక ఆదివారం బైక్ మీద వెళ్ళి చూశాం. నీళ్ళు ఎంత నెమ్మదిగా ఉన్నాయంటే, చూస్తుంటేనే దిగాలనిపిస్తుంది. 2021 డిసెంబర్‌లో ఇదే మాదిపాడు దగ్గర వేదపాఠశాల విద్యార్థులు ఐదుగురు, వాళ్ళ గురువు స్నానానికి దిగి మునిగిపోయారు. ఆ పిల్లలు దాదాపు మన ఈడువాళ్ళు, కొందరు ఇంకా చిన్నవాళ్ళు. వరద లేదు, తుపాను లేదు. మేం ఏరికోరి ఎంచుకున్న నెల అదే, ఎంచుకున్న రేవు అదే. ఈ సంగతి తెలిశాక మా గ్రూపులో రెండు రోజులు ఎవరూ మెసేజ్ పెట్టలేదు.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట్లాడాం. మా ప్లాన్ చెప్తే నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు.

"ఈత వచ్చా బాబూ?"

"ఇద్దరికి వచ్చు, ఇద్దరికి రాదండీ."

"రానోళ్ళు రావద్దు. రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

"ఇసుక మీద డేరా వేసుకుందామని."

"పైన నీళ్ళు వదిలితే మాకే ఫోన్ రాదు, మీకెవరు చెప్తారు? ఒడ్డెక్కి ఊళ్ళో పడుకోండి. ఇంకోటి, చీకట్లో పడవ తొయ్యొద్దు. సాయంత్రం మేం వలలు కడతాం. మీరు తెంపుకుంటూ పోతే మర్నాడు నాకు చేప లేదు, వల ఖర్చు అదనం."

ఆ చివరి మాట నా బుర్రలోంచి పోవట్లేదు. మనం నిర్మానుష్యం అనుకున్న చోటు ఆయనకి ఆఫీసు. మనకి వీకెండ్‌లా కనబడే రాత్రి ఆయనకి నైట్ షిఫ్ట్. యూట్యూబ్‌లో చూసి మనుషులెవరూ లేని ప్రకృతి కోసం బయల్దేరతాం కానీ, కృష్ణ ఒడ్డున అలాంటి చోటు ఒక్క కిలోమీటరు కూడా ఉన్నట్టు లేదు. అసలు కనూ అని ఇంగ్లీషులో వెతికాం గానీ దోనె అన్న మాట మనకి ఎప్పటినుంచో ఉంది. కొల్లేట్లో తాటిదోనెల మీద ఇప్పటికీ తిరుగుతారు. వాళ్ళది ట్రిప్ కాదు కాబట్టి ఎవరూ రీల్ చేయరు.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, మనలాంటివాళ్ళు నది మీదికి పోవడానికి రెండే దారులు. ఒకటి టికెట్ కొని లాంచీ ఎక్కడం. అందులో పాటలు, మైకు, గుంపు. రెండోది ఎవరికీ చెప్పకుండా దిగిపోవడం. లాంచీలకైనా నిబంధనలు గట్టిగా వచ్చింది ప్రాణాలు పోయాకే. 2017 నవంబర్ 12, కార్తీకమాసం ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర యాభై మందికి పైగా. ప్రమాదం జరిగినప్పుడల్లా కొన్నాళ్ళు పడవలన్నీ ఆపేస్తారు, తర్వాత మెల్లిగా మొదలవుతాయి. ఆపేసిన రోజుల్లో కుర్రాళ్ళు నదికి వెళ్ళడం మానేస్తారా? దొంగచాటుగా వెళ్తారు. ఎవరికీ చెప్పరు కాబట్టి ఎవరూ వెతకరు కూడా.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉండాలన్నదే నా వాదన. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఇంజన్ లేని పడవల నమోదు స్థానిక సంస్థల స్థాయిలో జరిగేలా వీలు కల్పించింది. మాదిపాడు లాంటి నాలుగైదు రేవుల పంచాయతీలు కూర్చుని, డిసెంబర్‌లో రోజుకి మూడు పడవలు అనుకోండి, అంతే, నాలుగోది లేదు అని రాసుకుంటే చాలు. ఈత రానివాళ్ళు ఎక్కకూడదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. జట్టుకి ఒక స్థానిక మత్స్యకారుడు తన పడవలో ముందు ఉండాలి, ఆయనకి ఆ రోజు చేపల మీద వచ్చేదానికి తగ్గకుండా కూలి ఇవ్వాలి. రాత్రి బస ఊళ్ళో. జలవనరుల శాఖ వెబ్‌సైట్‌లో జలాశయాల మట్టాలు రోజూ పెడుతున్నారు. ఆ డేటా తీసుకుని, పులిచింతల నుంచి వదిలే నీళ్ళు పెరిగితే రేవుల్లో ఉన్నవాళ్ళకి తెలుగులో మెసేజ్ పోయేలా చేయడం మన బ్రాంచ్‌లో మినీ ప్రాజెక్టుకి ఎక్కువేం కాదు. అటెండెన్స్ యాప్‌లు ఎన్నని చేస్తాం.

దీనికి మా ఫ్రెండ్ ఒకడి అభ్యంతరం: పర్మిట్ పెడితే లంచం మొదలవుతుంది, డబ్బున్నోడు బుక్ చేసుకుంటాడు, నది అందరిదీ కదా. లంచం మాట నేను కొట్టిపారేయను. అందుకే పేర్లు, తేదీలు పంచాయతీ గోడ మీద బోర్డులో రాయాలంటున్నా, ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనబడేలా. నది అందరిదీ అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. అందరిదీ అయినచోట స్పీకర్ పెద్దది ఉన్నవాడిదే అవుతుంది, కొండవీట్లో చూస్తున్నాంగా. వల కట్టుకునేవాడి మాటకి మనకన్నా ఒక ఓటు ఎక్కువుండాలి.

మా ప్లాన్ సంగతికొస్తే, ఇంట్లో చెప్పినప్పుడు నాన్న ఒకే ప్రశ్న అడిగారు: "ఎవర్ని అడిగి పోతున్నార్రా?" అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పేపర్లో ఎవరైనా నీళ్ళలో పడ్డ వార్త వస్తే కట్ చేసి నా ల్యాప్‌టాప్ మీద పెడుతోంది. ఇప్పటికి నాలుగయ్యాయి. నాన్న ప్రశ్నకి జవాబుగా రేవు పంచాయతీకి ఒక పేజీ అర్జీ తెలుగులో రాశాను. నా ఇంగ్లీష్ మీడియం తెలుగుకి అది పెద్ద పరీక్షే, "గౌరవనీయులైన" దగ్గరే రెండుసార్లు చెరిపాను. ఈత రాని ఇద్దరూ గుంటూరులో నేర్చుకుంటున్నారు. ఒకడు ఇరవై అయిదు మీటర్లు ఆగకుండా వెళ్తున్నాడు, ఇంకొకడు గోడ వదలట్లేదు. వాడు వదిలేదాకా తేదీ పెట్టం. తెడ్లు కూడా ఇంకా కొనలేదు.

ఈలోపు మ్యాప్ ఒకటి తయారు చేస్తున్నాం. రేవులు, ఇసుక మేటలు, ఇసుక తవ్విన గోతులు, రాత్రి ఉండటానికి బడి అరుగో గుడి సత్రమో ఉన్న ఊళ్ళు అన్నీ అందులో పెడుతున్నాం. మీలో ఎవరిదైనా అచ్చంపేట, అమరావతి మండలాల్లో ఏటి ఒడ్డు ఊరైతే, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ రేవులో వలలు ఎన్నింటికి కడతారో, ఏ ఒడ్డు వైపు కడతారో అడిగి నాకు చెప్పండి. మ్యాప్‌లో ఆ కాలమ్ ఒక్క మాదిపాడుకే నిండింది.