చేతులకు వయసు రాకూడదట!

ముఖం అయిపోయింది, మెడ అయిపోయింది, ఇప్పుడు చేతుల వంతు వచ్చింది. చర్మ సౌందర్య క్లినిక్కుల కరపత్రాల్లో ఈ మధ్య "హ్యాండ్ రెజువినేషన్" అనే మాట కనిపిస్తోంది. ముఖాన్ని ఎంత కాపాడుకున్నా చేతులు వయసును బయటపెట్టేస్తాయన్నది వాటి సారాంశం. ఏదో దొంగతనం బయటపడినట్టు! స్త్రీకి వయసు రావడం దాచుకోవలసిన విషయమన్న పాత భావజాలమే ఇది. దాన్ని పట్టిచ్చే అవయవం మాత్రం మారింది.

1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలను వ్యతిరేకించినప్పుడు మనం సౌందర్య సాధనాల మార్కెట్ గురించి చాలా చర్చించాం. అవే పోటీలు 2025 మేలో ప్రభుత్వ ఆతిథ్యంతో హైదరాబాదులో జరిగాయి. ఈలోగా మార్కెట్ క్రీము సీసా దాటి వైద్యం వేషం వేసుకుంది. కనుక సౌందర్యం మీద మన పాత విమర్శ ఒక్కటే చాలదు. ఆరోగ్య హక్కుల వైపు నుంచి కూడా దీన్ని పరిశీలించాలి.

అసలు వీళ్లు చేసేదేమిటి? వయసుతో చేతి పైభాగంలో చర్మం కింది కొవ్వు తగ్గి నరాలు తేలతాయి. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట గోధుమరంగు మచ్చలు వస్తాయి. లేజర్ గానీ, ఐ.పి.ఎల్. అనే తీవ్రమైన కాంతి గానీ (ఇది లేజర్ కాదు, అయినా ఆ పేరుతోనే అమ్ముతారు) ముఖ్యంగా పనిచేసేది ఈ మచ్చల మీదే. మచ్చలోని మెలనిన్ అనే రంగు పదార్థం కాంతిని పీల్చుకుని, వేడెక్కి ఛిన్నమవుతుంది. 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు వివరించిన సూత్రం ఇది. ఫ్రాక్షనల్ లేజర్లు చర్మంలో సన్నని గాయాలు చేస్తాయి. అవి మానేటప్పుడు కొత్త కొల్లాజెన్ పుట్టి ముడతలు కొంత తగ్గుతాయి. పోయిన కొవ్వును మాత్రం ఈ కాంతి తిరిగి తేలేదు.

చిక్కు మన రంగు దగ్గర వస్తుంది. తెల్లని చర్మం మీద కాంతిని ఎక్కువగా పట్టుకునేది మచ్చ ఒక్కటే. మన చర్మంలో మచ్చ చుట్టూ కూడా మెలనిన్ దండిగా ఉంటుంది. మోతాదు, తరంగదైర్ఘ్యం సరిగ్గా ఎంచుకోకపోతే చర్మమే కాలి బొబ్బలెక్కుతుంది. పోగొట్టుకోవాలనుకున్న మచ్చ కంటే పెద్ద నల్లమచ్చో, తెల్లమచ్చో మిగులుతుంది. పైగా చేతుల మీద రోమకూపాలు, తైలగ్రంథులు ముఖం మీద కంటే తక్కువ కాబట్టి గాయం ఆలస్యంగా మానుతుంది. ఇవన్నీ చర్మవైద్యులకు బాగా తెలిసినవే, కరపత్రాల్లోకి మాత్రం రావు. వాళ్లు వాడే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం కూడా 1975లో మొదట తెల్లవాళ్ల చర్మానికే తయారైంది. గోధుమ, నల్ల చర్మాలను తర్వాత చేర్చారు.

కాంతి చికిత్సను నేను తీసిపారెయ్యడం లేదు. ఆ కొలమానం పుట్టిందే సోరలెన్ మందుతో ఇచ్చే అతినీలలోహిత కాంతి మోతాదు నిర్ణయించడానికి. సోరలెన్ మన బావంచాల గింజల్లో ఉండే పదార్థమే. బొల్లికి బావంచాలు వాడి ఎండ చూపించడం ఆయుర్వేదంలో చాలా పాత పద్ధతి. బొల్లి వచ్చిన ఆడపిల్ల పెళ్లి, కాపురం ఏమవుతాయో మనకు తెలుసు. ఆమెకు వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి కాంతి చికిత్స కావాలి. అందుకోసం ప్రతిసారీ కూలి వదులుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని పట్నం రావాలి. వ్యాపారానికైతే యంత్రాలు వీధి చివరికే వచ్చేశాయి.

నిరుడు నాతో మాట్లాడిన ఒకావిడకు నలభై ఆరేళ్లు. చీరల షాపులో సేల్స్ పని. "కస్టమర్లు చీర కంటే ముందు నా చేతులే చూస్తారు మేడమ్" అంది. చిట్టీ ఎత్తిన డబ్బుతో ఒక క్లినిక్కులో ప్యాకేజీ కట్టింది. రెండో సిట్టింగుకే రెండు చేతుల మీదా దీర్ఘచతురస్రాల్లా కాలిన గుర్తులు పడ్డాయి. యంత్రం పట్టుకున్నది ఇరవై ఏళ్ల అమ్మాయి. డాక్టరుగారి పేరు బోర్డు మీద ఉంది గానీ ఆయన కనిపించలేదు. ఈవిడ సంతకం పెట్టిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. వెళ్లి అడిగితే, ఎండలో తిరిగావు గనకే ఇలా అయిందన్నారు. సిటీ బస్సులో పనికి పోయే మనిషి ఎండలో తిరగక ఏం చేస్తుంది?

ఆవిడది మోజు అని నేననను. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పెట్టిన పెట్టుబడి అది. ఆ ఇరవై ఏళ్ల అమ్మాయినీ దోషిని చెయ్యలేను. ఆమెకు ఏ శిక్షణ ఇచ్చి ఆ యంత్రం చేతికిచ్చారో చెప్పాల్సింది యజమానులు.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతుంటే స్త్రీశక్తి సంఘటన వెళ్లి అడిగింది కూడా ఇదే: ఈ ఆడవాళ్లకు ఏం చెప్పి ఒప్పించారు? విషయం తెలిశాక చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. డబ్బు కట్టి వచ్చిన స్త్రీకి ఆ హక్కు తగ్గిపోతుందా? వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు.

ఇంకొక మాట. చికిత్స తర్వాత చేతులకు ఎండ తగలకూడదు, సబ్బునీళ్లు తగ్గించాలి, పూత మాటిమాటికీ పూసుకోవాలి. మరి ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? ఒక స్త్రీ చేతులు మానడానికి ఇంకొక స్త్రీ చేతులు నానాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధిని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చింది. కానీ ఇల్లు ఫ్యాక్టరీ కాదు కనుక పనిమనిషి ఒరిసిన వేళ్లకు ఆ పట్టిక వర్తించలేదు.

గుంటూరులో మిరప తొడిమలు తీసే చేతులు రాత్రంతా మండుతాయి. నిజామాబాదులో బీడీలు చుట్టే వేళ్ల కొసలు అరిగి నునుపెక్కుతాయి. ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లో 2015 నుంచి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. పనిలో అరిగిన వేళ్లను అవి చాలాసార్లు గుర్తించవు. ఆ స్త్రీ రెండోసారి, మూడోసారి వేలు తుడుచుకుని పెడుతుంది, అప్పటికీ కాకపోతే మళ్లీ రమ్మంటారు. వయసునూ శ్రమనూ లోపంగా చూసే యంత్రాలు క్లినిక్కుల్లోనే లేవు.

మీ ఊళ్లో ఇలాంటి క్లినిక్కులు ఇస్తున్న అంగీకార పత్రాల నకళ్లు, ప్యాకేజీ రసీదులు దొరికితే మాకు పంపండి. కాలిన చేతుల ఫోటోలు పంపేవాళ్లు తేదీ రాయడం మరిచిపోవద్దు. ఇంట్లో పనిచేసే స్త్రీలతో, బీడీ కార్మికులతో పనిచేస్తున్న మిత్రులు వాళ్ల చేతుల జబ్బుల వివరాలు కూడా సేకరించి పంపితే, వచ్చే సంచికలో రెండూ పక్కపక్కనే వేస్తాం.